పూలగోడ వెనుక పులిసిన పప్పు



అనంతపురం, హిందూపురం, ధర్మవరం, గుంతకల్లు, తాడిపత్రి, కదిరి – మన సీమలో ఏ ఊరికి వెళ్లినా ఇంటి విందు రూపురేఖలు మారిపోయాయి. గృహప్రవేశమైనా, బిడ్డ తొలి పుట్టినరోజైనా, సీమంతమైనా వంటవాడికంటే ముందు డెకరేషన్ వారికి కబురు వెళ్తున్నది. ముంగిట్లో ఇనుప చట్రానికి కృత్రిమ పుష్పాల గోడ లేస్తుంది. దాని చుట్టూ బెలూన్ల తోరణం, నియాన్ వెలుగులలో ఇంటివారి పేర్లు, కుర్చీల వీపులకు పట్టుగుడ్డ ముడులు, బల్లల మీద గాజు గిన్నెలలో తేలే కొవ్వొత్తులు. అతిథి రాగానే ఆ గోడ ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు. ఆపైన ఆయనకు దాహమైతే నీళ్లెక్కడున్నాయో ఆయనే వెతుక్కోవాలి.

దశాబ్దాల పాటు ప్రభుత్వ వైద్యశాలల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అందమంటే నాకు విరోధం లేదు. వాకిట ముగ్గు, గుమ్మానికి మామిడాకులు, బంతిపూల దండ – వీటిని చూస్తే డెబ్బై దాటిన ఈ వయసులోనూ మనసు తేలికపడుతుంది. అతిథి దేహాన్ని మరచి కెమెరా కంటికోసం మాత్రమే చేసే సింగారం మీదనే నా అభియోగం. అది డబ్బు దండుగ అన్నది చిన్న మాట. అది అనారోగ్య హేతువు. ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకం కూడా. కారణాలు వరుసగా విన్నవిస్తాను. అంగీకరించని చోట మీరే వాదించండి.

అలంకారమనగా నేమి?

'అలం' అనే సంస్కృత పదానికి 'చాలును', 'చాలినంత' అని అర్థం. దానికి 'కారం' చేరి అలంకారమయింది. లోటు లేకుండా సిద్ధపరచడమనే భావం ఆ మాట పుట్టుకలోనే ఉన్నది. ఈ కొలబద్దతో నేటి విందులను కొలిచి చూడండి. వేల రూపాయల పూలగోడ ఉండి, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర సబ్బు లేకపోతే ఆ ఇల్లు అలంకరింపబడినట్లా? పైకప్పు నిండా దీపాల తీగలుండి, మిద్దె మెట్ల మీద వెలుతురు లేక ముసలమ్మ కాలు తడబడితే ఆ ఇల్లు అలంకరింపబడినట్లా? పదం చెప్పిన అర్థాన్ని బట్టి చూస్తే ఆ రెండిళ్లూ అలంకారం లేని ఇళ్లే.

శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని వర్ణించిన తీరు సాహిత్యం చదివిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. వానకాలంలో వచ్చిన అతిథికి ఒక తీరు భోజనం, చలికాలంలో వచ్చినవారికి మరొక తీరు, ఎండలో పడి వచ్చినవారికి చలువ చేసే పదార్థాలు. పెనుకొండ దుర్గం మీదుగా ఈ నేలను ఏలిన చక్రవర్తి ఆయన. ఐశ్వర్యానికి కొదువ లేనివాడు. అయినా ఆతిథ్యాన్ని వర్ణించవలసి వచ్చినపుడు ఆయన చూపు నిలిచింది అతిథి ఒంటికి ఆ ఋతువులో ఏది హితమో దాని మీద. మనం చెప్పుకునే ఘనమైన సంప్రదాయం ఇదీ.

ఫొటో ముగిసేదాకా ఆగే పప్పు

నా ప్రధానమైన అభియోగం కాలహరణం గురించి. వంట సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. ఆహ్వానంలో విందు ఏడింటికని ఉంటుంది. కేకు కోయడం, వేషాలు మార్చుకోవడం, డ్రోన్ ఎగరడం, పూలగోడ ముందు ఒక్కొక్క కుటుంబం నిలబడటం – ఇవన్నీ పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర. అంతదాకా పప్పు, పెరుగన్నం, పాయసం, మాంసం కూర నిగనిగలాడే స్టీలు పాత్రలలో, పేరుకొక చిన్న దీపం మీద ఎదురు చూస్తుంటాయి. పాత్ర ఎంత మెరిసినా లోపలి పదార్థం చల్లబడుతూనే ఉంటుంది.

వండిన ఆహారాన్ని 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగానైనా ఉంచాలి, 5 డిగ్రీలకు దిగువన చల్లగానైనా ఉంచాలి. ఈ రెంటికీ నడుమనున్నది సూక్ష్మజీవుల పంటకాలం. ఆ మధ్యస్థితిలో ఆహారం రెండు గంటలకు మించి ఉండరాదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువు. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో పగటివేళ 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. రాత్రి ఎనిమిదింటికి కూడా మిద్దె కప్పు సెగలు కక్కుతూనే ఉంటుంది. అటువంటి మిద్దె మీద శామియానా కింద నాలుగు గంటలు నిలిచిన పాయసం సంగతి మీరే ఊహించుకోండి.

ముగ్గురు శత్రువులను పేరుపెట్టి చెబుతాను. స్టాఫిలోకాకస్ ఆరియస్ వడ్డించేవాని చేతిపుండు నుంచీ, ముక్కు నుంచీ పాలపదార్థాలలో చేరి విషాన్ని తయారు చేస్తుంది. తరువాత ఎంత మరగబెట్టినా ఆ విషం చావదు. బేసిల్లస్ సీరియస్ బీజాలు అన్నం ఉడికినా బతికి ఉంటాయి. గోరువెచ్చగా నిలవ ఉన్న పులావులో మేలుకుంటాయి. క్లాస్ట్రిడియమ్ పర్‌ఫ్రింజెన్స్ పెద్ద డేగిసాలలో నెమ్మదిగా చల్లారే మాంసం కూరను ఆశ్రయిస్తుంది. మొదటి రెంటివల్ల కొద్ది గంటల్లోనే వాంతులు రావచ్చు. మూడవదాని వల్ల తెల్లవారేసరికి కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. పెండ్లిళ్ల ఋతువులో విందు జరిగిన మరుసటి ఉదయం ఒకే వీధి నుంచి, ఒకే తీరు బాధతో, ముసలివారినీ పసివారినీ మోసుకొని ఆసుపత్రికి వచ్చేవారిని నా ఉద్యోగకాలమంతా చూశాను. వారెవ్వరూ విందు బాగా జరగలేదనరు. "డెకరేషన్ చాలా బాగుంది సార్" అనే అంటారు.

పూర్వపు పంక్తిభోజనంలో ఈ చిక్కు తక్కువ. పొయ్యి మీది నుంచి దించిన గుండిగ నేరుగా విస్తరి వద్దకు వచ్చేది. కూర్చున్నవారికి వడ్డన, తిన్నవెంటనే లేవడం, రెండవ పంక్తికి మళ్లీ వేడి పదార్థం. ఆహారం అతిథికోసం వేచి ఉండేది కాదు. నేడు ఆహారమూ అతిథీ ఇద్దరూ కెమెరాకోసం వేచి ఉంటున్నారు.

ఒకవేళ విందు తిన్న రాత్రి వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ద్రావణాన్ని గుక్కగుక్కగా తాగించండి. మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ మింగవద్దు. మలంలో రక్తం కనబడినా, మూత్రం తగ్గినా, మనిషి మగతగా ఉన్నా, ఏమి తాగినా నిలవకపోయినా తక్షణం ఆసుపత్రికి వెళ్లండి. పసివారి విషయంలోనూ, వృద్ధుల విషయంలోనూ తెల్లవారేదాకా ఆగవద్దు.

పొగ, నిప్పు, బెలూను

ఇక రెండవ అభియోగం. ఇటీవల కేకు కోసేవేళ బల్ల కింది నుంచి తెల్లని పొగ లేస్తుంది. దంపతులు మేఘాలలో నిలిచినట్లు ఫొటో వస్తుంది. ఆ పొగకు మూలం డ్రై ఐస్, అనగా గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు. దాని ఉష్ణోగ్రత సున్నకు 78 డిగ్రీలు దిగువన. చేతితో తాకితే చర్మం కాలినట్లే కమిలిపోతుంది. అది కరగగా వచ్చే వాయువు గాలికంటే బరువైనది కాబట్టి నేలబారుగా పేరుకుంటుంది. తలుపులు మూసి ఏసీ వేసిన హాలులో ఆ పొగ మధ్య ఆడుకునే మూడేళ్ల బిడ్డ ముక్కు ఏ ఎత్తున ఉంటుందో ఆలోచించండి. 2020 ఫిబ్రవరిలో మాస్కో నగరంలో ఒక పుట్టినరోజు వేడుకలో, పొగ అందంగా వస్తుందని ఈతకొలనులో డ్రై ఐస్ కుమ్మరించగా ముగ్గురు మరణించారు.

అంత దూరం వెళ్లనక్కరలేదు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక భోజనశాలలో నోటి శుద్ధికని ఇచ్చిన డ్రై ఐస్ తిని అయిదుగురు రక్తం కక్కుకున్నారు. అదే సంవత్సరం మన పొరుగునున్న బెంగళూరులో, ఒక పెండ్లి విందులో పొగలు చిమ్మే పాన్ తిన్న పన్నెండేళ్ల బాలికకు జీర్ణాశయానికి రంధ్రం పడి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఆ పాన్‌లో వాడేది ద్రవ నైట్రోజన్. సున్నకు 196 డిగ్రీలు దిగువన ఉంటుంది. అది వాయువుగా మారితే దాదాపు ఏడువందల రెట్లు వ్యాపిస్తుంది. కడుపులోకి వెళ్లి వ్యాపిస్తే ఏమి జరుగుతుందో చెప్పడానికి వైద్యశాస్త్రం చదవనక్కరలేదు. బెంగళూరులో ఈ వారం మొదలైన వేడుక వచ్చే నెలకు అనంతపురం చేరుతుంది. కనుక ఈ మాట గట్టిగానే చెబుతున్నాను: మీ ఇంటి విందులో పొగ వచ్చే తినుబండారం ఒక్కటి కూడా ఉండరాదు.

బెలూన్ల సంగతి. హీలియం ఖరీదైనది కావడం వల్ల మన ఊళ్లలో చాలాచోట్ల గాలిలో తేలే బెలూన్లను హైడ్రోజన్‌తో నింపుతారు. హైడ్రోజన్ నిప్పురవ్వ సోకితే భగ్గుమంటుంది. పిల్లలు ఒకరి మీద ఒకరు చల్లుకునే నురుగు స్ప్రేలలో వంటగ్యాసు జాతి వాయువులుంటాయి. కేకు మీద కొవ్వొత్తి వెలుగుతుండగా ఆ నురుగు చల్లడం చేజేతులా బిడ్డ జుట్టుకు నిప్పు పెట్టడమే. కృత్రిమ పూలు, సన్నని నైలాన్ తెరలు, థర్మోకోల్ అక్షరాలు – అన్నీ అంటుకుంటే ఆగనివే. వాటి పక్కనే దీపాలు, వదులైన వైర్లు. వాకిలికి అడ్డంగా ఆ గోడ నిలిపితే నిప్పు అంటుకున్నపుడు వందమంది ఏ దారిన బయటపడాలి?

నిప్పు అరుదు, పడటం తరచు. మసక వెలుతురు, మడతపడిన తివాచీ అంచు, నేల మీద పాకిన కరెంటు తీగ – ఈ మూడూ కలిసినచోట వృద్ధుల తుంటి ఎముక విరుగుతుంది. ఎముకలు గుల్లబారిన డెబ్బై ఏళ్ల తల్లికి అది మామూలు దెబ్బ కాదు. కొందరు ఆ మంచం మీది నుంచి మళ్లీ లేవరు. ఆమెను పిలిచింది ఆశీర్వదించమని కదా!

అరటి పండించే జిల్లాలో అరటాకు బొమ్మ

ఇపుడు విస్తరి దగ్గరకు వద్దాం. పుట్లూరు, నార్పల, తాడిపత్రి ప్రాంతాల రైతులు డ్రిప్ నీటితో పండించిన అరటి దేశాంతరాలకు వెళ్తున్నది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటిగెలలతో ప్రత్యేక రైలు ముంబయి రేవుకు బయలుదేరిన సంగతి పత్రికలలో వచ్చింది. అటువంటి జిల్లాలో మనం అతిథికి వేస్తున్నదేమిటి? అరటాకు బొమ్మ అచ్చు వేసి, ప్లాస్టిక్ పూత పూసిన కాగితం. ఆకు పండేచోట ఆకు బొమ్మలో అన్నం తినే స్థితికి వచ్చాం.

థర్మోకోల్ పళ్లేలకు వేడి, నూనె తగిలినపుడు స్టైరీన్ అనే రసాయనం కొద్దికొద్దిగా ఆహారంలోకి దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దానిని క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఒక్క పూట తింటే క్యాన్సర్ వస్తుందని నేను భయపెట్టను. కానీ అక్కరలేని రసాయనాన్ని అతిథికి వడ్డించే హక్కు మనకెక్కడిది? పైగా మరునాడు ఆ పళ్లేలను వీధి మూలన తగలబెడతారు. ఆ నల్లని పొగను పీల్చేది పక్కింటి ఆస్తమా రోగి, ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు. తగలబెట్టకపోతే ఎంగిలి వాసనకు ఆవులు వాటిని మింగుతాయి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలతో పాటు అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా నిషిద్ధం. అంటే చట్టం నిషేధించిన వస్తువుతో మనం శుభకార్యం చేసుకుంటున్నాం.

ఇందుకు ప్రత్యామ్నాయం మన నేలలోనే ఉన్నది. ఈనెపుల్లలతో కుట్టిన మోదుగాకు విస్తరి, మర్రాకు విస్తరి మన అవ్వల కాలం నుంచీ ఉన్నవే. లేపాక్షి వెళ్లినవారు ఆలయ ప్రాంగణంలో రాతినేల మీద తొలిచిన పళ్లేలను చూసే ఉంటారు. శిల్పులు భోంచేయడానికి చేసుకున్నవని చెబుతారు; అన్నానికి, వ్యంజనాలకు వేరువేరు గుంటలు. ఆ రాతి పళ్లెంలో ఉన్న పొందిక నేటి బల్ల మీది సింగారంలో నాకు కనబడదు. ఆకులు దొరకనిచోట స్టీలు కంచాలు అద్దెకు తెచ్చుకోండి. వేడినీటితో కడిగి ఆరబెట్టండి.

సగం తాగి పారవేసే నీరు

మన జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన కురిసే ప్రాంతాలలో మనది ఒకటని బడిపిల్లవాడికి కూడా తెలుసు. బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు గారపట్టినవారిని, నడుము వంగినవారిని చూస్తూ వైద్యం చేసిన తరం నాది. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం ఏడువందలకు పైగా గ్రామాలకు చేరినపుడు జనం ఎందుకంతగా పొంగిపోయారో ఆ నడుములను చూసినవారికి తెలుస్తుంది.

అటువంటి సీమలో విందు ముగిసిన బల్లల మీద చూడండి: చిన్న ప్లాస్టిక్ సీసాలు, ప్రతిదానిలోనూ సగం నీళ్లు. రెండువందల మంది అతిథులకు తలకు రెండు పావులీటరు సీసాలు ఇచ్చి, సగం మిగిలిపోతే యాభై లీటర్ల మంచినీరు చెత్తబుట్ట పాలు. ఇంకొకవైపు చేతులు కడుక్కునేచోట నీరుండదు. కాగితపు రుమాలు ఇస్తారు. కాగితంతో తుడిస్తే జిడ్డు పోతుంది గాని క్రిములు పోవు. మనది చేతితో కలుపుకుని తినే జాతి. మూత ఉన్న గంగాళం, పొడవు పిడి గరిటె, శుభ్రమైన స్టీలు గ్లాసులు. చేతులకు వేరుగా కుళాయి ఉన్న డ్రమ్ము, సబ్బు – ఇంతకంటే ఘనమైన స్వాగతద్వారం ఉండదు.

పదార్థాల సంఖ్య కూడా అలంకరణే

నలభై రకాల వంటకాలు వరుసగా పేర్చడం భోజనం కోసం జరిగేది కాదు, ప్రదర్శన కోసం. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందుస్థితి, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు. మరొక విధంగా చెబితే, మీరు పిలిచిన ప్రతి వందమంది పెద్దలలో సుమారు పదకొండుగురికి మధుమేహం, ముప్పైఅయిదుగురికి రక్తపోటు ఉండే అవకాశం ఉన్నది. వారిలో సగానికి పైగా తమకు జబ్బు ఉన్నట్లే తెలియనివారు కావచ్చు.

వారి కోసం మీ బల్ల మీద ఏమున్నది? రోజుకు ఉప్పు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అప్పడం, ఊరగాయ, చిప్స్, సూప్, మంచూరియా – విందు మొదలైన అరగంటకే ఆ లెక్క తీరిపోతుంది. మంచూరియాకు ఎర్రదనం కోసం కలిపే రంగులలో రోడమైన్-బి అనే బట్టల రంగు కూడా చేరుతున్నదని తేలి 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం దానిని నిషేధించింది. తిండి ఫొటోలో మెరవాలనే తాపత్రయమే ఆ రంగుకు గిరాకీ తెచ్చింది.

మన ఓళిగను మానమని నేననను. పండుగ పూట ఒక ఓళిగ, ఒక చెంచా నేయి, ఆరోగ్యవంతుడికి ఆనందమే. కానీ ఆరు రకాల మిఠాయిలెందుకు? రాగిసంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె, ఊరిబిండి, పప్పు, ఆకుకూర, మజ్జిగ – ఈ ఏడింటితో చేసిన విందు చూడటానికి కూడా రంగులమయంగా ఉంటుంది. చిరుధాన్యాలు కూడా పిండిపదార్థాలేనని మధుమేహులు మరువరాదు; మితం వాటికీ వర్తిస్తుంది. చెనిక్కాయలు వాడిన వంటకాన్ని ముందే చెప్పండి. అవి పడనివారు ఉండవచ్చు. వద్దన్నవారికి "నా మీద ఒట్టు" అని ఇంకొకటి వేయడం ప్రేమ అనిపించుకోదు. మందు వేసుకుంటున్న మనిషి మీద అది దౌర్జన్యం.

మీరు చెప్పబోయే మూడు జవాబులు

"ఒక్కరోజు వేడుకకు ఇంత రాద్ధాంతమా?" అంటారు. ఒక్క రోజు మీకు. శ్రావణం, మాఘం, వైశాఖం వచ్చాయంటే బంధువర్గం పెద్దదైన మనిషికి వారానికి రెండు విందులు. మీ ఒక్కరోజు, ఇతరుల ఒక్కరోజు కలిసి ఆయనకు ఏడాది అవుతుంది. పులిసిన పాయసానికి మాత్రం ఒక్కరోజు చాలు.

"పాతపద్ధతులే గొప్పవా?" అంటారు. కానే కావు. ఆ పంక్తులలో కులాన్ని బట్టి చోటుండేది. కొందరికి ఇంటి లోపల, కొందరికి పెరట్లో, కొందరికి పంక్తే లేదు. బఫే బల్ల ముందు అందరూ ఒకే వరుసలో నిలబడటం నిజంగా మంచి మార్పు. దానిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. ఆడవారు అందరికీ వడ్డించి చివరన మిగిలింది తినడం పాతకాలపు మరొక పాపం. అది ఇప్పటికీ పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. పూలగోడ ముందు పట్టుచీరలో నవ్విన ఇల్లాలు రాత్రి పదకొండింటికి చల్లారిన అన్నం తింటుంటే ఆ విందును ఆధునికమని ఎట్లా అనగలం? పంక్తిలోని వేడి వడ్డననూ, బఫేలోని సమానత్వాన్నీ కలిపి తీసుకుందాం. అందరికీ కుర్చీ, అందరికీ ఒకే వరుస, ఇంటివారూ అతిథులతో పాటే భోజనం.

"మాకు స్తోమత ఉంది, ఖర్చు పెట్టుకుంటాం" అనేది మూడవ జవాబు. స్తోమతను మన సీమ దేనితో కొలిచిందో గుర్తుచేస్తాను. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి దిక్కులేని వేలాది జనానికి గంజి కాచి పోయించాడు. ఆయన ఇంటి వాకిలికి ఏ తోరణాలు కట్టారో ఎవరికీ పట్టదు. ఆయన గంజి మీద మాత్రం రాయలసీమ నేటికీ పాటలు పాడుకుంటుంది. మీ స్తోమత మీ గోడ దాటి పక్కింటిని కూడా తాకుతుందని గ్రహించండి. నిరుడు మీ ఇంట చూసిన పూలగోడను ఈ ఏడు వాన తప్పిన రైతు తన బిడ్డ వేడుకకు వడ్డీకి తెచ్చి కడతాడు. కట్టకపోతే బంధువులలో తలవంపులని భయపడతాడు. బోరు ఎండి, చెనిక్కాయ పంట పోయి, బెంగళూరుకు కూలికి వెళ్లే కుటుంబాలున్న జిల్లా ఇది. అప్పు వల్ల పట్టే దిగులు, నిద్రలేమి, మద్యం, పెరిగే రక్తపోటు – వీటికి నేను మందులు రాసి రాసి అలసిపోయాను. ఆ జబ్బులలో కొన్నింటికి మూలం ఆసుపత్రి గోడల లోపల దొరకదు.

ఇకమీదట మీ ఇంట విందు తలపెట్టినపుడు

డెకరేషన్ వారిని పిలవడానికి ముందు ఒక కాగితం తీసుకొని ఈ వరుసలో ఖర్చు రాయండి.

ఒకటి: చేతులు కడుక్కునే చోటు, సబ్బు, మూత ఉన్న తాగునీరు.

రెండు: వంట ముగిసే వేళకూ వడ్డన మొదలయ్యే వేళకూ మధ్య గంట మించని ఏర్పాటు. ఫొటోలు భోజనం తరువాత. వేడివి వేడిగా ఉంచలేని పదార్థాన్ని జాబితాలోంచి కొట్టివేయండి.

మూడు: వడ్డించేవారి చేతులు చూడండి. గాయం ఉన్నవారిని, జలుబు, విరేచనాలు ఉన్నవారిని ఆ రోజు వడ్డనకు పెట్టవద్దు. వారి కూలి మాత్రం తగ్గించవద్దు.

నాలుగు: అతిథులందరికీ కూర్చునే చోటు, మెట్లకూ మరుగుదొడ్డికీ మంచి వెలుతురు, కాలికి తగిలే తీగ లేని నేల.

అయిదు: ఆకు విస్తరి లేదా స్టీలు కంచం. థర్మోకోల్, పొగ, మంట, హైడ్రోజన్ బెలూన్లు నిషిద్ధం.

ఆరు: తీపి ఒకటి, ఉప్పు తక్కువ, మజ్జిగ ఎక్కువ. మిగిలిన తాజా ఆహారాన్ని వేడి ఆరకముందే ఇతరులకు పంపే ఏర్పాటు. నాలుగు గంటలు నిలిచిన దానిని పేదలకు దానం చేయడం పుణ్యం కాదు, వారి కడుపులూ మన కడుపులవంటివే.

ఏడు: వండినవారు, వడ్డించినవారు, ఊడ్చేవారు కూడా ఆ పూట అదే భోజనం వేడిగా తినాలి.

ఈ ఏడింటికీ చెల్లించిన తరువాత చేతిలో డబ్బు మిగిలితే బంతిపూలు కొనండి. అవి పండించినవాడు కూడా ఈ జిల్లా రైతే. గుమ్మానికి దండ కట్టండి, వాకిట ముగ్గు వేయండి. పిలిచినవారంతా తెల్లవారి తమ తమ ఇళ్లలో ఏ బాధా లేకుండా నిద్రలేచి, మీకు ఫోన్ చేసి భోజనం బాగుందని చెబితే, విందు అందంగా జరిగిందని ఈ వృద్ధ వైద్యుడు కూడా ఒప్పుకుంటాడు.